మా అక్క ఇరవై నాలుగు మాటలు

మా ఫ్యాక్టరీలో తయారయ్యే ప్రతి నీళ్ల పంపూ బయటికి వెళ్లే ముందు నా బల్ల మీదికి రావాలి. దాన్ని నమ్మకపోవడమే నా ఉద్యోగం. తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూస్తాను. తట్టుకోవాల్సిన దానికంటే ఎక్కువ ఒత్తిడి పెడతాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకదాన్ని పట్టుకుని కావాలనే పగిలేదాకా నడుపుతాను. అది ఎక్కడ పగిలిందో చూస్తే మిగతావాటి బండారం తెలిసిపోతుంది. ఉద్యోగమే కాదు, మనిషే అంత అని మా బావ అంటాడు. ఆయన నాకు పెట్టిన పేరు సుత్తి. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పనిముట్టు ఉంటుంది గనక ఒకటి, నోరు విప్పితే ఆపను గనక రెండు. రెండూ నిజమే కాబట్టి నేను ఎదురు చెప్పలేదు.

బావ అంటే మా అక్క మొగుడు. ఆయనకి మందుల షాపు ఉంది. మనిషి బంగారం, కానీ చాదస్తం. ఎంత గీకుడు రాత చీటీ అయినా ఒక్క చూపులో చదివేస్తాడు. వచ్చినవాళ్లు మందు పేరు సగం పలికేలోపు డబ్బా కౌంటర్ మీద ఉంటుంది. నేను వెళ్లినప్పుడల్లా ఒక డబ్బాని ఊరికే పక్క అరలోకి జరిపేస్తాను. ఆయన మాట మధ్యలో ఆపకుండానే దాన్ని తీసి మళ్లీ దాని చోట పెట్టేస్తాడు. మరదలితో పడలేక చస్తున్నానని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు, నేను రెండు రోజులు వెళ్లకపోతే ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదా అని అడుగుతాడు.

మా అక్క బొమ్మలు వేస్తుంది. వీడియో గేముల్లో కోటలు, అడవులు, గుర్రాలు, గుర్రాల మీద కత్తులు పట్టుకున్న మనుషులు ఉంటారే, వాళ్లలో చాలామంది మా అక్క చేతిలోంచి వచ్చినవాళ్లే. కంప్యూటర్‌కి తగిలించిన పలక మీద ప్లాస్టిక్ పెన్నుతో గీస్తుంది. పని ఇచ్చేవాళ్లు ఎక్కడెక్కడో దేశాల్లో ఉంటారు. బ్యాంకు ద్వారా పంపితే ఆలస్యం, మధ్యలో కోతలు ఎక్కువ అని కొన్నేళ్లుగా క్రిప్టోలో, అంటే బ్యాంకుతో పనిలేని ఇంటర్నెట్ డబ్బులో ఇస్తున్నారు. ఇల్లు షాపు మీద గడిచిపోతుంది కాబట్టి అక్క దాన్ని ముట్టుకోలేదు. ఆమె సంపాదించినదంతా ఆ క్రిప్టోని కొని, అమ్మి, దాచిపెట్టే ఒక ఎక్స్ఛేంజి ఖాతాలో పోగవుతూ వచ్చింది.

ఆ డబ్బుతో అక్కకి కావలసింది ఒక గది. ఆమె పనిచేసేది షాపు వెనక, అట్టపెట్టెల మధ్య. ఒకవైపు సెలైన్ సీసాలు, ఇంకోవైపు పిల్లల పాలపొడి డబ్బాలు, నెత్తిమీద ట్యూబ్‌లైటు. కిటికీ లేదు. కొత్త సరుకు వచ్చిన రోజు కుర్చీ వెనక్కి జరపడానికి కూడా చోటుండదు, అక్క పెట్టెల మీంచి కాలు దాటించి లోపలికి వెళ్తుంది. రెండు వీధుల అవతల బట్టలు కుట్టే షాపు పైన ఒక గది అమ్మకానికి ఉందని ఆమెకి తెలిసింది. ఒక గోడ మొత్తం కిటికీలే. ఆ గది ముసలావిడది, ఈ నెలాఖరు దాకా ఆగుతానని, ఆ తర్వాత తన పూచీ లేదని చెప్పింది. అక్క వెళ్లి ఆ కిటికీ ముందు నిలబడి వచ్చింది. వచ్చి నాకు ఆ కిటికీల సంగతే రెండుసార్లు చెప్పింది. మా అక్క ఒకటి కావాలని చెప్పడమే అరుదు. ఆ గది ఎలాగైనా ఆమెకి దక్కాలని నేను ఆ పూటే నిర్ణయించేసుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఇంకో ఎక్స్ఛేంజి ఏదో చేతులెత్తేసింది. దాంట్లో దాచుకున్నవాళ్లు తమ డబ్బు తమకి రాక గగ్గోలు పెడుతున్నారని వార్తల్లో వచ్చింది. అక్క ఖాతా ఉన్నది అందులో కాదు, కానీ నేను ఆ సాయంత్రమే షాపుకి పరిగెత్తాను. ఎక్స్ఛేంజిలో ఉంచడమంటే మన నగలు పక్కింటావిడ బీరువాలో పెట్టి, ఆవిడ మంచిదే కదా అనుకుంటూ పడుకోవడం. తాళం ఆవిడ దగ్గరుంటుంది. ఆవిడ ఎప్పుడు ఇస్తే అప్పుడు తీసుకోవాలి. గది కొనేదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండాలి, దానికి హార్డ్‌వేర్ వాలెట్ కొనాలి అని ముగ్గురం అనుకున్నాం.

ఆ వాలెట్ సంగతి బావకి నేనే విప్పి చెప్పాను. అది అగ్గిపెట్టె అంతో, అంతకంటే కాస్త పెద్దదో ఉండే పరికరం. డబ్బు దాని లోపల ఉండదు, డబ్బుని కదిలించే తాళంచెవి ఉంటుంది. ఆ తాళంచెవి ఇంటర్నెట్‌కి ఎప్పుడూ కనబడదు. డబ్బు పంపాలంటే వాలెట్‌లో పిన్ కొట్టి, దాని తెర మీద చూసుకుని, మన వేలితో నొక్కాలి. మొదటిసారి తెరిచినప్పుడు అది ఇరవై నాలుగు ఇంగ్లీషు మాటలు చూపిస్తుంది. వాలెట్ పోయినా, పగిలినా, ఆ మాటలు మన దగ్గర ఉంటే ఇంకోటి కొని అందులో కొట్టుకోవచ్చు, తాళంచెవి తిరిగి వచ్చేస్తుంది. మాటలు పోతే మాత్రం మొరపెట్టుకోవడానికి ఎవరూ ఉండరు. ఆ మాటలు ఇంకెవరి చేతిలోనైనా పడితే డబ్బు వాళ్లదే.

ఏ వాలెట్ కొనాలన్న దగ్గర యుద్ధం మొదలైంది. బావకి తెలిసిన మెడికల్ రెప్ ఒకాయన తను వాడినది సగం ధరకి ఇస్తానన్నాడట. ఆ మాట వినగానే నేను ఒంటికాలి మీద లేచాను. ఇంకొకరు వాడిన పళ్ల బ్రష్ సగం ధరకి వస్తే తీసుకుంటావా అని అడిగాను. దాంట్లో ముందే తాళంచెవి తయారుచేసి, మాటలు తమ దగ్గర ఉంచుకుని మన చేతిలో పెట్టినవాళ్లు ఉన్నారు. కాబట్టి తయారుచేసే కంపెనీ నుంచే నేరుగా రావాలి, సీలు చెక్కుచెదరకుండా ఉండాలి, లోపల ముందే మాటలు రాసిన కాగితం కనబడితే వెనక్కి పంపెయ్యాలి. అక్కడికి బావ ఒప్పుకున్నాడు. మూత వదులైన సీసాని ఆయనా వెనక్కే పంపిస్తాడు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి బావది, అంటే బావకి నచ్చినది. చవక, చిన్నది, రెండే బొత్తాలు, తెర గోరంత. మాత్రల షీటు మధ్యలో పెట్టి దాచెయ్యొచ్చని ఆయన మురిసిపోయాడు. రెండోది నాది. దాని తెర పెద్దది. కంప్యూటర్‌లో దొంగ ప్రోగ్రాం దూరితే మనకి ఒక అడ్రసు, అంటే డబ్బు చేరాల్సిన చోటుని చెప్పే పొడవాటి అక్షరాల వరుస, చూపించి డబ్బుని ఇంకో అడ్రసుకి మళ్లించగలదు, వాలెట్ తెర మీద కనబడేదే నమ్మాలి. ఆ తెర గోరంత ఉంటే జరుపుకుంటూ చదవలేక మొదటి నాలుగు అక్షరాలూ చివరి నాలుగూ చూసి సరేననేస్తాం. పైగా నేను ఎంచుకున్నదాని లోపలి ప్రోగ్రాం మొత్తం అందరూ చదివేలా బయట పెట్టారు. అంటే నాలాంటి అనుమానప్పక్షులు ఎందరో దాన్ని ఇప్పటికే పీకి పాకం పెట్టి ఉంటారు. కంపెనీ రేపు మూతపడినా అవే మాటలు వేరే కంపెనీ వాలెట్‌లోనూ పనిచేస్తాయి. పిన్ మూడుసార్లు తప్పు కొడితే తనంతట తనే అంతా చెరిపేసుకుంటుంది.

ఇవన్నీ షాపులో నిలబడి, మందులకొచ్చినవాళ్ల నెత్తిమీంచి వాదించుకున్నాం. దగ్గు మందు కొనడానికి వచ్చిన ఒకాయన సాంతం విని, పెద్ద తెరే నయమని తీర్పు చెప్పి వెళ్లాడు. మధ్యలో ఒకసారి వెనక గదిలోకి తొంగిచూసి అక్కని అడిగాం. ఆమె గుర్రం జూలు గీస్తోంది. పెన్ను ఎత్తకుండానే, మీ ఇద్దరూ ఏదంటే అదే అంది. అది నన్ను సమర్థించడమేనని నేను బావకి చెప్పాను, కాదు తననేనని ఆయన వాదించాడు.

గెలిచింది నేనే. కానీ రెండు కొనాలని నేను పట్టుబట్టినప్పుడు బావ మళ్లీ అడ్డం తిరిగాడు. రెండోది ఎందుకన్నాడు. మొదటిదాన్ని పగలగొట్టడానికన్నాను. ముందు చిటికెడు డబ్బు మాత్రం అందులోకి పంపుదాం, ఆదివారం నేను సుత్తితో దాన్ని చితక్కొడతాను, రాసుకున్న మాటలు రెండోదాంట్లో కొడదాం, ఆ చిటికెడూ అందులో కనిపిస్తే అప్పుడు మిగతాదంతా కదుపుదాం. బావ ముఖం మాడ్చుకున్నాడు. మాటలు రాసి భద్రం చేసే పని ఆయనది అని అప్పటికే అనుకున్నాం, అందుకని ఆ పరీక్ష వాలెట్‌కి కాదు తనకే పెడుతున్నట్టు ఆయనకి తోచింది. రాతకోతల్లో ఇన్నేళ్లలో తనని వేలెత్తి చూపినవాడు లేడన్నాడు. అది నిజమే. ఆయన ఇచ్చిన మందు ఒక్కటి కూడా తప్పింది లేదు.

వాలెట్లు వచ్చాయి. సీలు నేనే భూతద్దం పెట్టి చూశాను. ఒకటి తెరిచి అక్క పిన్ పెట్టుకుంది. అది చూపించిన మాటల్ని ఆమె ఒక్కొక్కటీ పైకి చదివింది, వాలెట్‌తో పాటు వచ్చిన కార్డు మీద బావ రాసుకున్నాడు. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని వింటున్నాను. ఆ మాటలు ఇంకెవరూ వినకూడదని కార్డు మీద పెద్ద అక్షరాలతో ఉంది. ఇంకెవరూ అంటే బయటివాళ్లని మేం అనుకున్నాం.

ఆ మర్నాడు బావ ఫోన్ చేసి మంచి ప్రతి తయారైందని చెప్పాడు. ఆ కార్డు కాగితం తడిస్తే నానిపోయే రకమట. అందుకని దళసరి ప్లాస్టిక్ ముక్క మీద చెరగని సిరాతో అందంగా రాసి, దాని మీద ఇంకో పొర అతికించాడట. రెండు ప్రతులుంటే ప్రమాదం కూడా రెట్టింపని పాత కార్డుని ముక్కలు చేసి నీళ్లలో వదిలేశాడట. ఆయన ఎంత శ్రద్ధగా చేసి ఉంటాడో నాకు తెలుసు. భేష్ అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం షాపు మూసే వేళకి నేను సుత్తి, కళ్లద్దాలు, దళసరి గుడ్డ తెచ్చుకుని వెళ్లాను. షట్టరు సగానికి దించాం. వాలెట్‌ని గుడ్డలో చుట్టి గుమ్మం దగ్గర రాతిమెట్టు మీద పెట్టాను. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖంలో బెంగేమీ లేదు, పరీక్ష రాసి మార్కుల కోసం చూస్తున్న ఫస్ట్ ర్యాంకు పిల్లాడిలా ఉన్నాడు. నేను అద్దాలు పెట్టుకుని సుత్తి ఎత్తాను. అప్పుడు అక్క వెనక గదిలోంచి వచ్చింది.

"ఆగు," అంది. "అంతా అందులోనే ఉంది."

అంతా అంటే ఏమిటని అడిగాను. మొత్తం అంది. శుక్రవారం పొద్దున ఎక్స్ఛేంజి వాళ్లు ఒక నోటీసు పెట్టారట, మర్నాటి నుంచి రోజుకి కొంత చొప్పునే తీసుకోనిస్తామని. అది చూడగానే అక్క ఎవరికీ చెప్పకుండా కూర్చుని, వాలెట్ తెర మీది అడ్రసుని అక్షరం అక్షరం సరిచూసుకుని, ముందు చిటికెడు పంపి, అది చేరాక ఉన్నదంతా పంపేసిందట. మాకు చెబితే మేం వాదించుకుంటూ కూర్చునేవాళ్లమని, ఆ లోపు తలుపు మూసుకుపోయేదని అంది. ఇవాళ పరీక్షకి ముందు చెబుదామనుకుని, బొమ్మలో పడి టైము చూసుకోలేదంది.

నాకు మండుకొచ్చింది. పద్ధతి ఏమిటి, నువ్వు చేసిందేమిటి, ముందు పరీక్ష, తర్వాత డబ్బు అనుకున్నాం కదా అని అరిచాను. బావ మాత్రం చలించలేదు. ఏముంది, మాటలు నా దగ్గర ఉన్నాయిగా, అందుకేగా రాసింది అన్నాడు. ఆపైన నావైపు తిరిగి, "కొట్టు సుత్తీ, నా మీద నమ్మకం లేకపోతే చెప్పు," అన్నాడు.

ఆ మాటకి నాకు రోషం పొడుచుకొచ్చింది. చెయ్యి దానంతటదే లేచింది కూడా. అక్క వంగి గుడ్డ మూట మీద అరచెయ్యి పెట్టింది. ఆ చెయ్యి చూశాక నాకు బుర్ర పనిచేసింది. బ్యాచ్‌లో ఒకదాన్ని పగలగొడతాం గానీ ఉన్న ఒక్కదాన్ని పగలగొట్టం. సుత్తి కింద పెట్టేసి, ముందు మాటలు రెండోదాంట్లో కొట్టి చూద్దాం అన్నాను.

బావ బీరువాలోంచి ప్లాస్టిక్ కార్డు తెచ్చాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆయన చదువుతుంటే అక్క రెండో వాలెట్‌లో కొడుతోంది. మొదటి మాట ఎ తో మొదలైంది. రెండోదీ ఎ తోనే. మూడోది బి. తర్వాత మళ్లీ బి, సి, సి, డి. మా ఫ్యాక్టరీలో ఒత్తిడి చూపే గేజీలన్నీ మరీ ముచ్చటగా ఒకే తీరున నడుస్తుంటే మేం సంతోషించం, ఎక్కడో ఏదో అడ్డుపడిందనుకుంటాం. బావా, ఇవి వాలెట్ చూపించిన వరుసలోనే రాశావా అని అడిగాను.

"వరుస అంటే? అడ్డదిడ్డంగా ఉన్నాయి. నేనే సరిగ్గా పెట్టాను, ఎ నుంచి జెడ్ దాకా. ఒక్క మాట కూడా పోలేదు, మూడుసార్లు చూసుకున్నాను," అన్నాడు బావ.

అక్క ఆగకుండా ఇరవై నాలుగూ కొట్టింది. ఈ మాటలు చెల్లవు అని తెర మీద వచ్చింది. ఇంకోసారి కొట్టింది. మళ్లీ అదే వచ్చింది.

వరుస మారితే తాళంచెవి మారిపోతుందని నేను బావకి చెప్పాను. ఆయనకి వెంటనే ఎక్కలేదు. చీటీలో డాక్టరు ఏ వరుసలో రాసినా మందులు అవే కదా అన్నాడు. షాపులో ఎన్ని వందల పేర్లున్నా ఆయన అలాగే పేరుస్తాడు, అందుకే చీకట్లో చెయ్యి పెట్టినా కావలసింది దొరుకుతుంది. మాటల పక్కన కార్డు మీద ఉన్న అంకెలు ఎన్ని రాశామో గుర్తుండటానికి వేశారనుకున్నాడట. చెబుతూ చెబుతూ ఉండగానే ఆయనకి అర్థమైంది. పాలపొడి అట్టపెట్టె మీద కూలబడ్డాడు.

అసలు వరుస గుర్తు తెచ్చుకుందామని చూశాం. మొదట రిబ్బన్ అని వచ్చినట్టు నాకు గుర్తు. కాదు, అది మధ్యలో ఎక్కడో అంది అక్క. ఇరవై నాలుగు మాటల్ని ఎన్ని రకాలుగా పేర్చవచ్చో ఫోన్‌లో లెక్కేస్తే ఆ అంకె తెర అంచు దాటిపోయింది. ఫోన్ జేబులో పెట్టేశాను.

నిజం చెప్పాలంటే, చూశావా నేను చెప్పలేదూ అని బావని దెప్పాలన్న దుగ్ధ ఒక్క క్షణం నాలో లేచింది. వెంటనే ఆ గుడ్డ మూట కంట పడింది. అక్క ఇంకొక్క నిమిషం ఆలస్యంగా వెనక గదిలోంచి వచ్చి ఉంటే, ఆమె ఇన్నేళ్ల రాత్రింబవళ్లు, ఆ కిటికీల గది, అన్నీ నా చేతి కిందే నలిగిపోయి ఉండేవి. బావ తప్పు నా దెబ్బతో పూర్తయ్యేది.

అదృష్టం ఏమిటంటే మొదటి వాలెట్ ఇంకా బతికే ఉంది, పిన్ అక్కకి తెలుసు. దారి నాకు వెంటనే తట్టింది. రెండోదాన్ని కొత్తగా తెరవాలి, అది కొత్త మాటలు ఇస్తుంది, వాటిని ఈసారి వరుసలో రాయాలి, మొదటిదాంట్లో ఉన్నదంతా దాంట్లోకి పంపెయ్యాలి. చెప్పేసరికి నాకు మళ్లీ ధైర్యం వచ్చింది. మాటలు ఈసారి నేను రాస్తానన్నాను. ఫ్యాక్టరీలో స్టీలు పలక ఉంది, అక్షరాల పంచ్‌లు ఉన్నాయి, దాని మీద కొట్టిస్తే నిప్పులో పడినా పోదు అన్నాను. బావ అట్టపెట్టె మీంచి లేచాడు. తప్పు తనది కాబట్టి దిద్దుకునే అవకాశం తనకే ఇవ్వాలన్నాడు, వరుస తెలిశాక ఇంకెందుకు తప్పుతుందన్నాడు. నేను వద్దన్నాను. నీ స్టీలు పలక ఫ్యాక్టరీలో పదిమంది కళ్లలో పడుతుందని ఆయనన్నాడు. పడదని నేనన్నాను. మేం మంచి ఊపులో ఉన్నాం.

"మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండి," అంది అక్క.

బావ నవ్వాడు. అక్క నవ్వలేదు.

"ఎక్స్ఛేంజిలో ఎందుకు వద్దనుకున్నాం? నా డబ్బు తాళం ఇంకొకళ్ల దగ్గర ఉండకూడదనేగా. ఇప్పుడు మాటలు మీ దగ్గరున్నాయి, సుత్తి దీని దగ్గరుంది. నా దగ్గరేముంది?" అంది. కోపంగా అనలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. "వెళ్లండి. అయ్యాక పిలుస్తాను."

మేం బయటికి వచ్చాం. వెనక షట్టరు నేల దాకా దిగింది. రాతిమెట్టు మీద ఒక కొసన ఆయన, ఒక కొసన నేను కూర్చున్నాం.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వాలెట్ ఎంచుకున్నది నేను. రెండు కొనాలన్నది నేను. పరీక్ష పెట్టాలని నేను మొండికేయకపోతే ఆ ప్లాస్టిక్ కార్డు బీరువాలో అలాగే మెరుస్తూ పడి ఉండేది, ఏదో ఒకరోజు వాలెట్ పాడయ్యాక గానీ సంగతి బయటపడేది కాదు. అలాంటి నన్ను తీసుకొచ్చి గుమ్మం అవతల కూర్చోబెట్టింది. ఇదే మాట బావతో అన్నాను. ఆయన నెమ్మదిగా, "కొట్టమన్నది నేనే కదా," అన్నాడు. ఎత్తింది నేను అన్నాను. ఇద్దరం ఆ సంగతి అంతటితో వదిలేశాం.

పసిపిల్లని భుజాన వేసుకుని ఒకావిడ వచ్చి జ్వరం మందు అడిగింది. బావ చటుక్కున లేచి షట్టరు పట్టుకుని, అలాగే ఆగిపోయాడు. తట్టాలా వద్దా అని నావైపు చూశాడు. ఆయన షాపులోకి ఆయనే వెళ్లలేక నిలబడటం చూసి నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. చివరికి నోరు దగ్గర పెట్టి మందు పేరు, ఏ అరలో ఎన్నోదో చెప్పాడు. షట్టరు జానెడు లేచింది, సీసా పట్టుకున్న చెయ్యి బయటికొచ్చింది, మళ్లీ దిగిపోయింది. ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి సీసా తీసుకుని వెళ్లిపోయింది.

అక్క ఇంకా చాలాసేపు పిలవలేదు. ఎండ మెట్టు మీంచి వీధిలోకి జరిగింది. నేను వాచీ చూడటం మానేసి, లోపల ఏం చేస్తోందో ఊహించుకుంటూ కూర్చున్నాను. వాలెట్ ఎలా వాడాలో ఆమెకి ఎవరూ దగ్గరుండి నేర్పలేదు. వారాల తరబడి మేం గొంతులు చించుకుంటుంటే ఆ పాలపొడి డబ్బాల వెనక కూర్చుని అన్నీ వినేది, అంతే.

షట్టరు పైకి లేచింది. అయింది అంది అక్క. ఏం చేశావో చెప్పమన్నాను, అధికారిలాగే అడిగాను. ఆమె చెప్పింది. రెండో వాలెట్‌ని కొత్తగా తెరిచి మాటలు రాసుకుంది. అది చూపించిన అడ్రసు విడిగా రాసి పెట్టుకుంది. ఆ తర్వాత పైసా కూడా పంపకుండా, కావాలని మూడుసార్లు తప్పు పిన్ కొట్టింది. వాలెట్ అంతా చెరిపేసుకుని ఖాళీ అయింది. అప్పుడు తను రాసుకున్న మాటలు చూసి మళ్లీ కొట్టింది. ఇందాకటి అడ్రసే తిరిగి వచ్చింది. అక్షరం అక్షరం పోల్చుకున్నాకనే డబ్బు పంపింది, ముందు చిటికెడు, అది చేరాక మిగతాది. చేరిందంది. బావ ప్లాస్టిక్ కార్డు ఇక ఎందుకూ పనికిరాదు, కావాలంటే దాచుకోవచ్చంది.

పగలగొడితే గానీ తేలదని నేననుకున్నదాన్ని ఆమె ఏదీ పగలగొట్టకుండా తేల్చేసింది. అదీ ఖాళీ వాలెట్ మీద, డబ్బు ఇంకా దాని దరిదాపులకి రాకముందే. నా పద్ధతి కంటే అది మెరుగు. మా ఫ్యాక్టరీలో ఎవరైనా అలా చేసి ఉంటే వాళ్లని నా బల్ల దగ్గరికి బదిలీ చేయించుకునేదాన్ని. ఇన్నాళ్లూ ఈమెని మేం కాపాడుతున్నామనుకున్నాం. నాకు సిగ్గేసింది, దానికి రెట్టింపు గర్వంగా అనిపించింది.

అయినా ఊరుకోలేక, మాటలు ఎక్కడ పెట్టావని అడిగాను.

"నీకెందుకు?" అంది అక్క.

చిన్నప్పటి నుంచి ఒకే దుప్పటి కింద పడుకున్నవాళ్లం. బావ గొంతు సవరించుకుని, రేపు నీకేదైనా అయితే అని నసిగాడు. ఎవరికి తెలియాలో వాళ్లకి తెలిసేలా ఏర్పాటు చేస్తానంది. ఎవరికో చెప్పలేదు. మేం ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నాం.

అక్క దువ్వెనతో జుట్టు సరిచేసుకుని, సంచీ భుజానికి తగిలించుకుంది. ముసలావిడతో గది ఖాయం చేసుకుని వస్తానంది. నేను గబగబా లేచాను. పాత కట్టడం, పైగా మేడ మీద, వాన నీళ్లు ఎటు దిగుతాయో చూడాలి, గోడల్లో చెమ్మ ఉంటే ఆ కంప్యూటర్లన్నీ పాడైపోతాయి, నేనూ వస్తాను పద అన్నాను.

"చెమ్మ ఉంది. కిటికీ పక్క మూలలో. మొదటిరోజే చూశాను," అంది అక్క, చెప్పులు వేసుకుంటూ. "అయినా ఆ గదే తీసుకుంటున్నాను."